రాయితీ బాగుంది... మరి లెక్క?

సోలార్ కరెంటును దాచుకునే ఇంటి బ్యాటరీలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం భారీగా రాయితీ ఇస్తోంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు దీని గురించే చర్చ. కానీ ఎంత రాయితీ వస్తుందన్నది ఒక లెక్క. మన ఇంటికి ఎంత బ్యాటరీ కావాలన్నది మరో లెక్క. ఈ రెంటినీ కలిపేస్తే జేబుకు చిల్లు పడుతుంది!

ఎండలు ముదిరాయంటే మన డాబాల మీద చాపలు పరుచుకుంటాయి. వడియాలు, ఒరుగులు, అప్పడాలు... ఎండ ఉన్నప్పుడే ఎండబెట్టి డబ్బాకెత్తుకుంటే ఏడాదంతా అక్కరకొస్తాయి. కరెంటు విషయంలోనూ అలా చేయగలిగితే? మధ్యాహ్నం ఎండను పట్టి దాచుకుని, రాత్రికి ఏసీకీ వంటకీ వాడుకోగలిగితే? ఇంటి బ్యాటరీ చేసే పని సరిగ్గా అదే. కాకపోతే ఆ 'డబ్బా' ఖరీదు మాత్రం మన రూపాయల్లో చూస్తే లక్షల్లో ఉంటుంది. అందుకే ప్రభుత్వాలు ముందుకొచ్చి కొంత భారం మోస్తున్నాయి. ఆ పని ఇప్పుడు పెద్ద ఎత్తున చేస్తున్న దేశం ఆస్ట్రేలియా.

అరవై సెంట్ల నుంచి మూడు సెంట్లకు

ఆస్ట్రేలియాలో 40 లక్షలకు పైగా ఇళ్ల మీద, చిన్న చిన్న దుకాణాల మీద సోలార్ పలకలున్నాయి. దాదాపు ప్రతి మూడిళ్లలో ఒకటి సొంతంగా కరెంటు తయారుచేసుకుంటోంది. మెల్‌బోర్న్ శివార్లలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టార్నీట్, ట్రుగనినా లాంటి చోట్ల కొత్తగా కట్టిన వీధుల్లో నడిస్తే చాలు, ఎటు చూసినా నల్లగా మెరిసే కప్పులే కనిపిస్తాయి.

మొదట్లో ఈ పలకలు పెట్టుకున్నవాళ్లు నిజంగా అదృష్టవంతులు. 2009లో విక్టోరియా, 2010లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు ఇంటి కప్పు మీద తయారైన కరెంటుకు యూనిట్‌కు 60 సెంట్ల చొప్పున చెల్లించే పథకాలు తెచ్చాయి. కొనే కరెంటు కంటే అమ్మే కరెంటే ఖరీదన్నమాట! అలాంటి బంగారు రోజులు ఎన్నాళ్లుంటాయి? కొత్తవారికి ఆ ధరలు త్వరలోనే ఆగిపోయాయి. పాతవారికి న్యూ సౌత్ వేల్స్‌లో 2016తో, విక్టోరియాలో 2024తో గడువు తీరింది.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు లక్షల ఇళ్లు ఒకేసారి కరెంటు తయారుచేసి గ్రిడ్‌లోకి పంపిస్తాయి. ఆ సమయంలో దానికి గిరాకీ ఉండదు. సంతకు అందరూ ఒకేసారి టమాటాలు తెస్తే ధర ఏమవుతుందో ఇక్కడా అదే జరిగింది. విక్టోరియాలో 2024-25 సంవత్సరానికి నియంత్రణ సంస్థ ఖరారు చేసిన కనీస ధర యూనిట్‌కు 3.3 సెంట్లు. సాయంత్రం ఆరు దాటాక అదే ఇంటివాళ్లు గ్రిడ్ నుంచి కొనే కరెంటుకు దానికి ఎన్నో రెట్లు చెల్లించాలి. అంటే పగలు మూడు సెంట్లకు అమ్మి, రాత్రి ముప్ఫై సెంట్లకు కొనుక్కోవడం. ఈ తేడాయే బ్యాటరీకి గిరాకీ తెచ్చింది.

అది ఇంటి అవసరం. ప్రభుత్వ అవసరం వేరే ఉంది. పగలు వెల్లువలా వచ్చే సౌర విద్యుత్తును రాత్రికి మళ్లించకపోతే సాయంత్రం పూట బొగ్గు, గ్యాస్ కేంద్రాల మీదే ఆధారపడాలి. ప్రతి ఇంటి గోడకూ ఓ బ్యాటరీ ఉంటే ఆ భారం కొంత తగ్గుతుంది. ఈ రెండు అవసరాలూ కలిసిన చోటే పుట్టింది... 'చీపర్ హోమ్ బ్యాటరీస్ ప్రోగ్రామ్'. 2025 జులై 1న మొదలైంది.

చెక్కు రాదు... బిల్లులోనే తగ్గుతుంది

బ్యాటరీ, బిగింపు ఖర్చులో సుమారు 30 శాతం తగ్గించడం ఈ పథకం ఉద్దేశం. అయితే '30 శాతం' అన్న మాట చట్టంలో లెక్క కాదు. అది సగటున అయ్యే తగ్గింపు అంతే. అసలు లెక్క సర్టిఫికెట్లతో నడుస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే.

సోలార్ పలకలకు అక్కడ ఏళ్ల తరబడి ఒక పద్ధతి ఉంది. ఇంటికి పలకలు పెట్టగానే వాటి సామర్థ్యాన్ని బట్టి కొన్ని సర్టిఫికెట్లు పుడతాయి. విద్యుత్ సరఫరా కంపెనీలు వాటిని చట్టప్రకారం కొనితీరాలి. బ్యాటరీలనూ ఇదే చట్రంలోకి తెచ్చారు. ఇంటి యజమాని ఆ సర్టిఫికెట్లను బ్యాటరీ బిగించే సంస్థకో, దాని ఏజెంటుకో రాసిచ్చేస్తాడు. వాటి విలువను వాళ్లు బిల్లులో ముందే తగ్గిస్తారు. కాబట్టి ప్రభుత్వం నుంచి చెక్కు రాదు, బ్యాంకు ఖాతాలో సొమ్ము పడదు. ఇంటి యజమాని విడిగా దరఖాస్తు చేయాల్సిన పనీ ఉండదు.

ఎన్ని సర్టిఫికెట్లు వస్తాయన్నది బ్యాటరీలో వాడుకోగలిగే సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్టే. 2025లో బిగించినవాటికి యూనిట్‌కు 9.3 సర్టిఫికెట్ల చొప్పున ఇచ్చారు. 10 యూనిట్ల బ్యాటరీకి 93 సర్టిఫికెట్లు. ఒక్కోటీ 40 డాలర్లు అనుకుంటే 3,720 డాలర్లు. మార్కెట్లో సర్టిఫికెట్ ధర సాధారణంగా దీనికంటే కాస్త తక్కువే పలుకుతుంది. ఏజెంటు తన ఖర్చులూ పట్టుకుంటాడు. అందుకే ఒకే బ్యాటరీకి ఇద్దరు అమ్మకందారులు చెప్పే రాయితీ ఒకలా ఉండకపోవచ్చు. బేరానికి దిగేటప్పుడు రాయితీ ఎంతని కాదు, చివరికి చెల్లించాల్సింది ఎంతని అడగడం మేలు.

పథకానికి కొన్ని హద్దులున్నాయి. బ్యాటరీ సామర్థ్యం 5 నుంచి 100 యూనిట్ల మధ్య ఉండాలి. రాయితీ మాత్రం మొదటి 50 యూనిట్లకే. ఇంటికి సోలార్ పలకలు ముందే ఉండాలి, లేదా బ్యాటరీతోపాటు పెట్టించుకోవాలి. వట్టి బ్యాటరీకి రాయితీ లేదు. ఆమోదించిన జాబితాలో ఉన్న బ్యాటరీయే కొనాలి. గుర్తింపు పొందిన నిపుణుడే బిగించాలి.

పెద్దది కొన్నారు... పద్దు తలకిందులైంది

పథకం మొదలవగానే జనం ఎగబడ్డారు. ఆరు నెలలు తిరక్కుండానే లక్షన్నరకు పైగా బ్యాటరీలు గోడలెక్కాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రభుత్వం ఊహించని సంగతొకటి జరిగింది. మామూలు ఇంటికి సరిపోయే బ్యాటరీలకు బదులు చాలామంది రెండింతలు పెద్దవి పెట్టించుకున్నారు.

ఎందుకలా? అప్పటి నిబంధన ప్రకారం మొదటి యూనిట్‌కు ఎంత రాయితీయో యాభయ్యో యూనిట్‌కూ అంతే. బ్యాటరీ పెద్దదయ్యేకొద్దీ యూనిట్‌కు పడే ధర తగ్గుతుంది కానీ రాయితీ తగ్గదు. 50 యూనిట్లది పెట్టించుకుంటే 465 సర్టిఫికెట్లు! అమ్మకందారులు ఊరుకుంటారా? 'ఇంకాస్త వేస్తే దీనికి రెట్టింపు వస్తుంది' అన్న ప్రకటనలు హోరెత్తాయి. పండగ సీజన్లో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డు చూసి అవసరం లేని చీర కొన్నట్టే అయింది కొందరి పని.

దాంతో మొదట కేటాయించిన 230 కోట్ల డాలర్లు ఎటూ చాలవని తేలిపోయింది. 2025 డిసెంబరులో ఇంధన శాఖ మంత్రి క్రిస్ బోవెన్ పథకాన్ని సవరిస్తున్నట్టు ప్రకటించారు. నాలుగేళ్లకు అంచనా వ్యయాన్ని సుమారు 720 కోట్ల డాలర్లకు పెంచారు. 2030 నాటికి 20 లక్షలకు పైగా బ్యాటరీలు వస్తాయని కొత్త లెక్క వేశారు. దానితోపాటే రెండు కత్తెరలు పెట్టారు.

మొదటి కత్తెర కాలానిది. 2025లో 9.3గా ఉన్న గుణకం 2026 జనవరి నుంచి ఏప్రిల్ వరకు 8.4. మే 1 నుంచి ఏడాది చివరి వరకు 6.8. ఆ తర్వాత ఆరేసి నెలలకోసారి తగ్గుతూ 2030 చివరి ఆరు నెలలకు 2.1కి చేరుతుంది. ఆలస్యం చేసేకొద్దీ రాయితీ కరిగిపోతుందన్నమాట.

రెండో కత్తెర పరిమాణానిది. ఇదీ 2026 మే 1 నుంచే. మొదటి 14 యూనిట్లకు పూర్తి రాయితీ. 14 నుంచి 28 వరకు అందులో 60 శాతం. 28 నుంచి 50 వరకు 15 శాతమే. అంటే 2025లో 465 సర్టిఫికెట్లు తెచ్చిన 50 యూనిట్ల బ్యాటరీకి 2026 మే తర్వాత వచ్చేవి 174. ఎంత తేడా!

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఏ గుణకం వర్తిస్తుందన్నది ఒప్పందం మీద సంతకం చేసిన రోజును బట్టి కాదు, బ్యాటరీ బిగించిన రోజును బట్టి ఉంటుంది. ఈలోగా గడువు తేదీ దాటిపోయిందా... తగ్గిన రాయితీయే దక్కుతుంది. ఆ తేడా ఎవరు భరించాలన్నది ఒప్పందంలో రాయించుకోకపోతే చివరికి అది ఇంటి యజమాని నెత్తిమీదే పడుతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం

ఇక అసలు ప్రశ్న. బ్యాటరీ పెట్టుకుంటే గిట్టుబాటవుతుందా? దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం ఒక్కటే. ఉదాహరణకు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఒకటి అనుకుందాం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం నుంచి తెల్లవారే వరకు 8 యూనిట్లు ఖర్చవుతాయి. రాత్రి కొనే కరెంటు యూనిట్ 30 సెంట్లు. పగలు అమ్మితే వచ్చేది 3 సెంట్లు. అమ్మకుండా దాచుకుని వాడితే యూనిట్‌కు 27 సెంట్లు మిగులు. రోజుకు 8 యూనిట్లంటే 2 డాలర్ల 16 సెంట్లు. ఏడాదికి సుమారు 788 డాలర్లు.

ఇప్పుడు 10 యూనిట్ల బ్యాటరీ బిగింపుతో కలిపి 9,000 డాలర్లు అనుకుందాం. రాయితీ లేకపోతే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్లు దాటుతుంది. ఇలాంటి బ్యాటరీలకు సాధారణంగా ఉండే వారంటీ పదేళ్లు. అంటే డబ్బు తిరిగొచ్చేలోపే వారంటీ అయిపోతుంది. అదే 6.8 గుణకంతో 68 సర్టిఫికెట్లు, ఒక్కోటీ 40 డాలర్ల చొప్పున 2,720 డాలర్లు తగ్గితే చేతినుంచి పెట్టేది 6,280. ఎనిమిదేళ్లలో తిరిగొస్తుంది. రాయితీ చేసే అసలు మేలు ఇదే. గిట్టుబాటయ్యే రోజును వారంటీ హద్దుకు ఇవతలికి జరుపుతుంది.

మరి అదే ఇంటివాళ్లు 'ఎలాగూ రాయితీ ఉంది కదా' అని 20 యూనిట్లది 15,000 డాలర్లకు పెట్టించుకున్నారనుకోండి. కొత్త నిబంధన ప్రకారం 119 సర్టిఫికెట్లు వస్తాయి. 4,760 డాలర్ల రాయితీ. మొదటి దానికంటే రెండు వేలకు పైగా ఎక్కువే! చూడ్డానికి లాభమే. కానీ చేతినుంచి పెట్టింది 10,240. రాత్రి వాడకం మాత్రం ఆ 8 యూనిట్లే. ఏడాదికి మిగిలేదీ ఆ 788 డాలర్లే. పెట్టుబడి తిరిగి రావడానికి పదమూడేళ్లు పడుతుంది. ఎక్కువ రాయితీ తీసుకున్న ఇల్లే ఎక్కువ నష్టపోయింది!

అలాగని పెద్ద బ్యాటరీ ఎవరికీ పనికిరాదని కాదు. ఎలక్ట్రిక్ కారును రాత్రిపూట ఛార్జ్ చేసేవాళ్లకు, ఇంటి నుంచే పనిచేస్తూ రోజంతా హీటరో ఏసీనో వాడేవాళ్లకు వాడకం ఎక్కువ. వాళ్ల లెక్క వేరు. మొత్తానికి కొలవాల్సింది రాయితీని కాదు, రాత్రి వాడకాన్ని. స్మార్ట్ మీటర్ ఉన్న ఇంటికి ఏ గంటలో ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో కరెంటు కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. ఏడాది లెక్క తీసుకుని చూస్తే ఎంత బ్యాటరీ కావాలో అదే చెబుతుంది. చలికాలంలో పగలు చిన్నది, మబ్బులూ ఎక్కువే. బ్యాటరీ నిండని రోజులుంటాయి. కాబట్టి పై లెక్కలో ఓ ఏడాది అటూ ఇటూ అవుతుంది.

అన్నకు వచ్చింది... తమ్ముడికి రాలేదు

కేంద్ర ప్రభుత్వ రాయితీ దేశమంతటికీ ఒకటే. రాష్ట్రాలు ఇచ్చేవి మాత్రం ఎక్కడికక్కడే. పెర్త్‌లో ఉన్న అన్నకు వచ్చిన మొత్తం మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడికి రాకపోవచ్చు.

పశ్చిమ ఆస్ట్రేలియా 2025 జులై 1న కేంద్ర పథకంతోపాటే సొంత పథకాన్ని మొదలుపెట్టింది. సినర్జీ అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థ వినియోగదారులకు గరిష్ఠంగా 1,300 డాలర్లు, మారుమూల ప్రాంతాలకు సరఫరా చేసే హొరైజన్ పవర్ వినియోగదారులకు 3,800 డాలర్ల వరకు అదనపు రాయితీ అని ప్రకటించింది. న్యూ సౌత్ వేల్స్‌లో అలా కాదు. అక్కడ 2024 నవంబరు నుంచి రాష్ట్రం ఇస్తూ వచ్చిన బిగింపు రాయితీ 2025 జూన్ 30తో ముగిసింది. బదులుగా బ్యాటరీని గ్రిడ్ అవసరాలకు అనుసంధానించేవారికి ఇచ్చే ప్రోత్సాహకాన్ని పెంచారు. విక్టోరియాలో బ్యాటరీలకు వడ్డీ లేని రుణాలిచ్చిన పథకం 2025లోనే ఆగిపోయింది. తెలిసినవాళ్లు రెండేళ్ల కిందట పొందారు కదా అని నమ్ముకుంటే కుదరదన్నమాట.

తాళంచెవి ఎవరి చేతిలో?

అనుసంధానం అంటే ఏంటి? వేల ఇళ్ల బ్యాటరీలను ఇంటర్నెట్ ద్వారా కలిపి ఒకే పెద్ద విద్యుత్ కేంద్రంలా నడిపించడం. దీన్నే వర్చువల్ పవర్ ప్లాంట్ అంటారు. గిరాకీ విపరీతంగా పెరిగిన సాయంత్రం ఆ సంస్థ ఇళ్ల బ్యాటరీల నుంచి కరెంటు తీసుకుని గ్రిడ్‌కు ఇస్తుంది. అందుకు ఇంటివాళ్లకు కొంత చెల్లిస్తుంది.

కేంద్ర పథకంలో, గ్రిడ్‌తో ముడిపడిన బ్యాటరీకి ఇలా కలిసే సామర్థ్యం ఉండాలంతే. చేరడం తప్పనిసరి కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర రాయితీ కావాలంటే మాత్రం చేరాల్సిందే. చేరేముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఏడాదికి ఎన్నిసార్లు మన బ్యాటరీ నుంచి తీసుకుంటారు? మన ఇంటి కోసం ఎంత మిగులుస్తారు? యూనిట్‌కు ఎంత ఇస్తారు? ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చా? ఇంటి తాళంచెవి పక్కవాళ్లకిచ్చేముందు ఆలోచిస్తాం కదా. ఇదీ అంతే.

మరో అపోహ కూడా చాలామందిలో ఉంది. బ్యాటరీ ఉంటే కరెంటు పోయినా ఇల్లంతా వెలుగుతుందని. అన్ని బ్యాటరీలకూ ఆ ఏర్పాటు ఉండదు. గ్రిడ్‌లో సరఫరా ఆగితే లైన్లపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా ఇంటి సోలార్ వ్యవస్థ కూడా ఆగిపోతుంది. ఆ సమయంలోనూ ఇల్లు నడవాలంటే బ్యాకప్ వైరింగు విడిగా పెట్టించుకోవాలి. దానికి అదనపు ఖర్చు. అప్పుడు కూడా ఇల్లంతటికా, ఫ్రిజ్జూ నాలుగు లైట్లకేనా అన్నది ముందే తేల్చుకోవాలి.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నదానికీ నిబంధనలున్నాయి. పడకగది లాంటి నివాసపు గదుల్లో, అటక మీద, మెట్ల కింద పెట్టకూడదు. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారికి అడ్డురాకూడదు. చౌకగా వస్తుందని గుర్తింపు లేనివారితో పెట్టిస్తే రాయితీ పోవడం ఒక్కటే కాదు, ఇంటి బీమా విషయంలోనూ చిక్కులు రావచ్చు.

సొంత కప్పు లేనివాళ్ల సంగతేంటి?

ఈ పథకం మీద ఉన్న పెద్ద విమర్శ ఇదే. రాయితీ పొందాలంటే సొంత ఇల్లుండాలి. కప్పు మీద పలకలుండాలి. మిగతా వేల డాలర్లు చేతిలో ఉండాలి. అద్దెకుండేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, కొత్తగా వెళ్లిన విద్యార్థులు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు... వీళ్లెవరికీ ఇది అందదు. సర్టిఫికెట్ల ఖర్చు మాత్రం ఎక్కడో ఒకచోట ప్రజల సొమ్ములోంచే రావాలి.

ప్రభుత్వ వాదన మరోలా ఉంది. సాయంత్రం గిరాకీ తగ్గితే టోకు ధర తగ్గుతుందనీ, ఆ మేలు బ్యాటరీ లేని ఇంటికీ చేరుతుందనీ అంటోంది. 2025 నవంబరులో మరో పథకాన్నీ ప్రకటించింది. న్యూ సౌత్ వేల్స్, ఆగ్నేయ క్వీన్స్‌ల్యాండ్, దక్షిణ ఆస్ట్రేలియాల్లో 2026 జులై నుంచి పగటిపూట మూడు గంటలు ఉచితంగా కరెంటు ఇచ్చే అవకాశం కల్పించాలన్నది దాని సారాంశం. కప్పు మీద పలకలు లేకపోయినా, అద్దె ఇల్లయినా స్మార్ట్ మీటర్ ఉంటే చాలు. వాషింగ్ మెషీన్‌నీ గీజర్‌నీ ఆ వేళకు మార్చుకోగలిగితే పైసా పెట్టుబడి లేకుండా వచ్చే లాభమది.

తలుపు మూసేలోపే

రాయితీలు శాశ్వతం కావని చెప్పడానికి అమెరికాయే ఉదాహరణ. అక్కడ 2022 నాటి చట్టంతో ఇంటి బ్యాటరీ ఖర్చులో 30 శాతాన్ని ఆదాయపు పన్నులో మినహాయించుకునే వీలు కలిగింది. 2023 నుంచి 3 యూనిట్లకు తగ్గని బ్యాటరీలు, సోలార్ లేకపోయినా సరే, అర్హత పొందాయి. మొదట్లో దశాబ్దం పాటు ఉంటుందన్న ఈ వెసులుబాటు 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టంతో 2025 డిసెంబరు 31కే ముగిసిపోయింది. అక్కడి తెలుగువాళ్లలో వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నవాళ్లకు ఆ అవకాశం దాటిపోయింది.

బ్రిటన్‌ది మరో దారి. విడిగా కొనే ఇంటి బ్యాటరీని బిగించడం మీద 2024 ఫిబ్రవరి 1 నుంచి వ్యాట్‌ను సున్నా చేశారు. దానికీ 2027 మార్చి 31 అని గడువు పెట్టారు. ఒక్కో దేశానిదీ ఒక్కో తీరు. ఒకచోట బిల్లులో తగ్గింపు, మరోచోట పన్నులో మినహాయింపు, ఇంకోచోట పన్నే లేకపోవడం. ఏదైనా గడువు మాత్రం తప్పదు.

మన దగ్గర బ్యాటరీకి ఉందా?

ఇక్కడ మన కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పీఎం సూర్యఘర్: ముఫ్త్ బిజిలీ యోజన' తెచ్చింది. 75,021 కోట్ల రూపాయలతో కోటి ఇళ్లకు సోలార్ పలకలు పెట్టించడం లక్ష్యం. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుమించి ఎంత పెట్టుకున్నా 78 వేల రూపాయలు. ఇందులో బ్యాటరీకి విడిగా రాయితీ లేదు. ఆస్ట్రేలియాలోలా ముందే బిల్లులో తగ్గదు కూడా. పోర్టల్లో దరఖాస్తు చేసి, పలకలు పెట్టించుకుని, నెట్ మీటర్ బిగించి, డిస్కం పరిశీలించాక సొమ్ము ఖాతాలో పడుతుంది. దేశంలో తయారైన పలకలే వాడాలన్న షరతూ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికి తోడుగా ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీలకు కిలోవాట్‌కు 10 వేల చొప్పున అదనంగా ఇస్తామని ప్రకటించింది.

బ్యాటరీకి ఎందుకివ్వలేదన్న అనుమానం రావచ్చు. నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం మనకు గ్రిడ్డే బ్యాటరీ. పగలు పంపిన యూనిట్‌కు బదులు రాత్రి ఒక యూనిట్ వాడుకోవచ్చు. విడిగా దాచుకోవాల్సిన అవసరం తక్కువ. ఆస్ట్రేలియాలో లాగా పగటి యూనిట్‌కూ రాత్రి యూనిట్‌కూ విలువలో తేడా వస్తే అప్పుడు ఇక్కడా బ్యాటరీ లెక్క మొదలవుతుంది. ఇక కరెంటు కోతల కోసం ఇన్వర్టరు పెట్టుకునేవాళ్లకు చిన్న ఊరట... 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, సోలార్ పరికరాల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

మన పథకంలో మూడు కిలోవాట్ల దగ్గర గీత గీసినా, ఆస్ట్రేలియాలో 14 యూనిట్ల దగ్గర గీత గీసినా ఉద్దేశం ఒకటే. మామూలు కుటుంబానికి సరిపడేంత వరకే ప్రజల సొమ్ము. ఆ పైన కావాలంటే ఎవరి జేబు వారిది. ఆ గీత ఎక్కడుందో కనుక్కోవడం ఒక పని. మన ఇంటి అవసరం దానికి ఇవతలుందో అవతలుందో చూసుకోవడం అసలు పని. ఆదివారం నాడు అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో 'బ్యాటరీ పెట్టిస్తున్నాం, సగం సర్కారే ఇస్తోంది' అని అబ్బాయి చెబితే మురిసిపోవడమే కాదు, 'రాత్రిళ్లు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి నాన్నా' అని కూడా ఒకసారి అడగండి!

సంతకం చేసేముందు ఇవి అడగండి

* రాయితీ పోను బిగింపుతో కలిపి చివరికి చెల్లించేది ఎంత? అదే మొత్తం రాతపూర్వకంగా ఇస్తారా?

* సర్టిఫికెట్లు ఎన్ని వస్తాయి, ఒక్కోదానికి ఎంత ధర కడుతున్నారు?

* బిగించే తేదీ ఎప్పుడు? ఆలస్యమై గుణకం తగ్గితే ఆ నష్టం ఎవరిది?

* పేరుకు ఉన్న సామర్థ్యం ఎంత, అందులో వాడుకోగలిగేది ఎంత? రాయితీ లెక్క రెండోదాని మీదే.

* ఇప్పుడున్న సోలార్ ఇన్వర్టరుతో ఈ బ్యాటరీ కలుస్తుందా, కొత్తది కొనాలా?

* కరెంటు పోయినప్పుడు పనిచేస్తుందా? ఇంట్లో వేటికి?

* పదేళ్ల తర్వాత ఎంత సామర్థ్యం మిగులుతుందని వారంటీలో రాశారు? కంపెనీ మూతపడితే బాధ్యత ఎవరిది?

* వర్చువల్ పవర్ ప్లాంట్‌లో చేరాలన్న షరతు ఒప్పందంలో ఎక్కడైనా ఉందా?